స్నానపుగదిలో గోడనల్లా

వంటయింటి యేర్పాటులను గూర్చి వ్రాయువారు మనలో పలువురు గలరు. స్నానపుగదిని గూర్చి వ్రాయువారు మిక్కిలి తక్కువ. అందులోను గోడకు బిగించు నల్లా యెంత యెత్తున నుండవలెను, ఏ ప్రక్కన నుండవలెను అను విచారము మేస్త్రీదే గాని గృహిణిది కాదని మన యిండ్లలో వాడుక. (సర్కారు జిల్లాలవారు దీనిని కొళాయి యందురు; మా పాలమూరువారికి అది నల్లాయే.) దినమునకు పదిమార్లు ఆ నల్లా త్రిప్పు చేయి యెవరిదో తలచుకొన్నచో ఈ వాడుక యెంత వింతయో తెలియును.

మా వైపు గోడనల్లా మరీ పాతది కాదు. గద్వాల, వనపర్తి సంస్థానములుగా నున్న దినములలోను, అటుపిమ్మట చాలకాలము వరకును, పెరటిలో నొక జాలారు, దానిలో నొక బండ, ప్రక్కన కాగు, గోలెము - సామాన్యుల యిండ్లలో ఇదియే స్నానపుగది. నీరు బావినుండి బిందెలతో వచ్చెడిది, మోయువారు ఆడువారే. ఇప్పుడు 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ గొట్టములలో కృష్ణానది నీరు మా యిండ్లకు వచ్చుచున్నది. ఆ సంవత్సరముననే అక్టోబరు 11వ తేదీన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడును జిల్లా కేంద్రములైనవి. అయినను స్నానమునకును ఉదుకుటకును బోరునీరు వాడు ఇండ్లు చాల గలవు; మాదియు నట్టిదే. ఆ నీటిలోని సున్నము నల్లాను ఏమిచేయునో ముందు చెప్పెదను.

గద్వాలలో మా పెద్దత్తమ్మ రెండేండ్ల క్రిందట స్నానము ముగించి పీటమీదినుండి లేచుచు, పట్టుకొనుటకు మరేమియు లేక నల్లాను పట్టుకొన్నది. గోడలోని ప్లాస్టికు గొట్టము విరిగి నల్లా చేతికే వచ్చినది. ఆమె వెనుకకు పడి తుంటియెముక విరుగగొట్టుకొన్నది. ఇప్పటికిని చేతికఱ్ఱ లేనిదే నడవలేదు. నల్లాను తప్పుపట్టి లాభము లేదు. అది నీటిని ఆపుటకు చేసిన వస్తువు గాని మనిషి బరువు మోయుటకు చేసినది కాదు. కాని ముసలివారు దానినే పట్టుకొందురు. కన్నులకు సబ్బునురుగు, కాలిక్రింద తడిబండ, ఎదుట చేతికందునది అదొక్కటే. కనుక వనపర్తిలో మేము ఇల్లు కట్టుచు, మోకాళ్ల నొప్పులు గల మా అత్తమ్మకొఱకు క్రింది స్నానపుగది సిద్ధము చేయునప్పుడు, నల్లాకన్న ముందు ఊతకడ్డీకి చోటు నిర్ణయించితిమి. నల్లాకు ప్రక్కనే, కుడిచేతికి అందునట్లు, నేలనుండి 33 అంగుళముల యెత్తున. పలకలు అంటించుటకు ముందే గోడలో గట్టి యాధారము కట్టించి, ఆ కడ్డీకి మా వారు తమ బరువంతయు వేసి వ్రేలాడి చూచిరి. కూలివాండ్రు నవ్విరి, నవ్వనిండు.

ఇక నల్లా యెత్తు. గొట్టముల పనివాడు వచ్చీరాగానే, “అందరిండ్లల్ల రెండడుగులకే పెడ్తమమ్మా” అని గోడపై గీత గీసెను. నేను అత్తమ్మ నిత్యము కూర్చుండు ముక్కాలిపీట, ఇరువది లీటర్ల బకెట్టు, ఆమె చెంబు తెప్పించి అచ్చటనే పెట్టించితిని. బకెట్టు పొడవు 14 అంగుళములు. నేలమీద నున్నచో ఆమె ప్రతి చెంబునకు నడుము వంచవలెను. అందుకని బకెట్టుక్రింద 6 అంగుళముల రాతిగద్దె కట్టించుటకు నిశ్చయించితిమి. అప్పుడు బకెట్టు అంచు 20 అంగుళములకు వచ్చును. రెండడుగుల నల్లాకు నోరు కొంచెము క్రిందికి వ్రేలాడును గనుక బకెట్టును తీయుటకును పెట్టుటకును సందు చాలదు. అత్తమ్మను పీటమీద కూర్చుండబెట్టి, “అత్తమ్మా, చేయి వట్టిగా చాపుము” అంటిని. మోచేయి సుఖముగా వంగియుండగా ఆమె వ్రేళ్లు తాకినచోటు 27 అంగుళములు. ఆ గీతయే ఖాయమైనది.

ఇచటనొక మెలకువ. పనివాడు కొలిచినది పచ్చినేలనుండి. దానిమీద కాంక్రీటు, ఇసుక, పలక కలిసి మూడంగుళములు లేచును. అనగా అతడు 27 అన్నది తుదకు 24 అగును. గుమ్మమువద్ద తుదినేల యెంతవరకు వచ్చునో ఆ మట్టపుగీతనుండి కొలిపించితిని. గోడ విషయమును ఇట్టిదే: గిలాబు, పలక మందము లెక్కింపకున్న గొట్టపు మూతి లోపల మునిగిపోవును, లేదా వెలుపలికి పొడుచుకొనివచ్చి నల్లా చుట్టునుండు బిళ్ల గోడకు ఆనదు. గొట్టములలో నీరు నింపి ఒత్తిడి పెట్టి, ఒక రాత్రి యంతయు ఉంచి, చెమ్మ లేదని చూచినపిదపనే పలకలు వేయనిచ్చితిమి.

తలుపు తెరచిన తోడనే చేయి చాచి నల్లా త్రిప్పగలుగవలెను. మొదట వచ్చు చన్నీరు గాని, మరిగిన నీరు గాని కూర్చున్నవారి మీద పడరాదు. కావున మూలకు గాక గుమ్మమునకు దగ్గర గోడనే యెన్నుకొంటిమి. వేడినీటి పిడి ఎడమను, చన్నీటిది కుడిని - ఇది అంతట నున్న పద్ధతి. దీనిని తారుమారు చేసిన యింట చుట్టములకు చేతులు కాలును.

అంగడిలో నలుపువి, బంగారుపూతవి, హంసమెడవంటివి ఎన్నియో చూపిరి. నాగర్‌కర్నూలులో మా వదినగారింట అట్టిదొకటి గలదు. చూపునకు సొగసే గాని బకెట్టు నిండునప్పటికి చద్దన్నము తిని రావచ్చును. కారణము నల్లాలో లేదు, తొట్టి యెత్తులో నున్నది. నీటికి ఒక ‘బారు’ ఒత్తిడి కలుగవలెనన్న తొట్టి సుమారు 10 మీటర్ల పైన నుండవలెను. ఒక అంతస్తు యింటిలో మనకు దొరకునది మూడు మీటర్లు. ఆ ఒత్తిడికి సన్నని దారులు గల నల్లా పనికిరాదు. కనుక కొనుటకు ముందు, ఇది తక్కువ ఒత్తిడిలో పనిచేయునా యని అడుగవలెను.

చేతిలో తూచి చూడుడు. ఇత్తడిది బరువుగా నుండును. నాసి లోహముమీద మెఱుగు పూసినది తేలికగా నుండును, మా బోరునీటికి కొలది కాలములోనే పొక్కులెత్తును. ఐ.ఎస్.ఐ. గుర్తు చూడుడు. గుండ్రని పిడిని సబ్బుచేతితో, కీళ్లనొప్పుల వ్రేళ్లతో బిగించుట కష్టము. పావుచుట్టుతో తెరచుకొను కాడపిడి అయినచో మణికట్టుతోనే త్రోయవచ్చును. దానిలోపలి పింగాణి బిళ్లలకు ఇసుక పడదు, గీతలు పడి కారును. కావున మేము నల్లా బిగించుటకు ముందు గొట్టములగుండ రెండు గోలెముల నీరు వదలివేసితిమి. వచ్చిన ఇసుకను చూచి పనివాడే ఆశ్చర్యపడెను.

మూతికి జల్లెడ యున్న నల్లాలకు సున్నము పట్టి ధార వంకర పోవును. జల్లెడను విప్పి నిమ్మరసము కలిపిన నీటిలో రాత్రి నానవేసి, ఉదయము పాతబ్రష్షుతో రుద్దిన పోవును. ఇనుపపీచు తగిలింపరాదు, మెఱుగు లేచిపోవును. మేము అత్తమ్మ బకెట్టునల్లాకు జల్లెడ లేనిదే తెచ్చితిమి. ధార నేరుగా, తొందరగా పడును. మొదటిదినము ఆమె స్నానమాడి, కడ్డీ పట్టుకొని తానే లేచి వచ్చి, “బిడ్డా, నీళ్ల చప్పుడు మా పుట్టింటి మోటబావి లెక్కనే ఉన్నది” అన్నది. పిడి మాత్రము మరికొంచెము పెద్దదైయుండవలసినదట.