మా చొక్కా మీద మా పేరు

గురజాల చుట్టుపక్కల తండాల పిల్లలకు కబడ్డీ ఎవరూ నేర్పనక్కర్లేదు. మిరప కోతలు అయిపోయిన చేలల్లో వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారు. పోటీలకు వెళ్ళినప్పుడు వాళ్ళు వెనకబడేది ఆటలో కాదు, బట్టల్లో. ఎదుటి జట్టు ఒకే రంగు జెర్సీలతో దిగుతుంది. మావాళ్ళు ఏడుగురూ ఏడు రంగుల్లో దిగుతారు. ముందూ వెనకా నంబరు ఉండాలన్నది కబడ్డీ నియమం. అది లేకపోతే ఆట మొదలుకాక ముందే పిల్లల తల దించుకుపోతుంది.

ఒక ఏడాది ఒక వ్యాపారి దయతలచి చొక్కాలు ఇచ్చాడు. వీపు నిండా ఆయన కొట్టు పేరే. మా పిల్లలు గెలిచారు, ఫొటో తీశారు. ఫొటోలో కొట్టు పేరు ఉంది గానీ మా తండా పేరు లేదు. ఆయన్ని తప్పు పట్టం. డబ్బు పెట్టినవాళ్ళు తమ పేరు వేసుకుంటారు. మన పేరు కావాలంటే మన చేత్తోనే వేసుకోవాలి. అప్పుడే ఉపాధ్యాయులం, తల్లులం కలిసి ఆ పనికి పూనుకున్నాం.

పని పెద్దది కాదు. నూలు టీషర్టులు ఒకే రంగువి తీసుకోవాలి. పాలిస్టర్ బట్ట మీద మామూలు ఫ్యాబ్రిక్ రంగు సరిగా పట్టదు. కొత్త చొక్కాను ముందు ఉతికి గంజి వదిలించాలి. పాత ఎక్స్‌రే ఫిల్ము మీద అంకె గీసి బ్లేడుతో కోస్తే అదే అచ్చు. బ్లేడు పని పెద్దలే చేయాలి. మేము వీపు మీద 8 అంగుళాలు, ఛాతీ మీద 4 అంగుళాలు పెట్టాం. 0, 4, 6, 8, 9 కోసేటప్పుడు లోపలి ముక్క ఊడిపోతుంది. అది నిలవడానికి రెండు సన్నటి పట్టీలు కోయకుండా వదలాలి.

చొక్కా లోపల అట్ట పెట్టాలి, లేకపోతే రంగు వెనక్కి దిగుతుంది. స్పాంజి ముక్కతో కొంచెం కొంచెంగా అద్దాలి. నీళ్ళు కలిపితే అంచు పాకుతుంది. పలచగా రెండు పూతలు చాలు. ఒక రోజు నీడన ఆరనిచ్చి, లోపలివైపు తిప్పి ఇస్త్రీ చేయాలి. మూడు రోజుల దాకా ఉతకకూడదు. తర్వాత కూడా తిరగేసి చన్నీళ్ళలోనే ఉతకాలి. నూలు చొక్కా చెమటకు బరువెక్కుతుంది, నిజమే. అయినా మా ఎండలకు ఒంటికి హాయిగా ఉంటుంది.

అమ్మలు కాంచళి మీద కుట్టినట్టు అద్దాలు కుడతామన్నారు. పట్టుకునే ఆటలో అద్దం చేతిని కోస్తుంది. అందుకని చేతి అంచున దారం కుట్టు మాత్రమే వేయించాం. ఆ కుట్టు వయసులో ఉన్న తల్లులకు రాలేదు, వాళ్ళ అత్తలకు వచ్చు. కర్ణాటకలోని సండూరు లంబాడీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. మన ఇంట్లో మాత్రం అది ముసలమ్మతోనే పోతోంది. చొక్కాల పుణ్యమా అని నలుగురు ఆడపిల్లలు దాన్ని నేర్చుకున్నారు.

అసలు చిక్కు పేరు దగ్గర వచ్చింది. "తండా అని వద్దు టీచర్, బడి పేరు చాలు," అన్నారు ఆడపిల్లలు. ఎందుకని అడిగితే మాట్లాడలేదు. బస్సులోనూ, మైదానంలోనూ ఆ మాటను ఎలా పలుకుతారో మాకూ తెలుసు. మేము బలవంతం చేయలేదు. రెండు సంగతులు మాత్రం చెప్పాం. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం తెచ్చిన భారత హాకీ జట్టుకు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. తర్వాత ఆయన రాజ్యాంగ సభలో ఆదివాసినని చెప్పుకునే మాట్లాడారు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 13 ఏళ్ళు.

రెండు రోజులు వాళ్ళలో వాళ్ళే తేల్చుకున్నారు. ముందు బడి పేరు, వెనక తండా పేరు అన్నారు. "తాకి గీత వైపు పరిగెత్తేటప్పుడు వాళ్ళకు కనిపించేది మన వీపే కదా," అంది ఒక పిల్ల. తండా అన్న మాటలో సున్నా లోపలి ముక్క ఊడిపోకుండా పట్టీలు వదిలి, ఆ అచ్చు తనే గీసింది.

ఆ చొక్కాలతో కప్పు రాలేదు, రెండో ఆటలోనే ఓడిపోయాం. కానీ ఓడిన చొక్కాను ఎవరూ దాచలేదు. మరునాడు బడికి వేసుకొచ్చారు.

తోటి ఉపాధ్యాయులకు ఒక్క మాట. అంగుళాలు కొలవడం, మధ్యగీత పట్టడం, ఖర్చు లెక్క రాయడం అన్నీ పాఠాలే. అచ్చులు బడిలో భద్రం చేయండి, వచ్చే ఏడు పిల్లలకు పనికొస్తాయి. చొక్కా మీద ఏం రాయాలో మాత్రం మీరు చెప్పకండి. వాళ్ళనే అడగండి, జవాబుకు రెండు రోజులు ఆగండి.