అన్నము తగ్గించిన నెల



గత మాఘమాసమున మా వారికి రక్తపరీక్ష చేయింపగా చక్కెర మిక్కుటముగా నున్నదని తేలెను. వారు బడిపంతులు, దినమున కాఱు గంటలు నిలువబడి పాఠములు చెప్పవలసినవారు. నాకును పరీక్ష చేసి, వ్యాధి రాలేదు గాని గుమ్మము దాక వచ్చినదని వైద్యురాలు చెప్పెను. మొదటి నెల ఇరువురమును పిండిపదార్థమును దినమునకు 50 గ్రాములు మించనీయక, ఆకుకూరలు, వంకాయ, బెండకాయ, పెరుగు, నేయి, వేరుసెనగలతో గడుపవలెననెను. మా వారి మాత్రల మోతాదును అప్పుడే తగ్గించి వ్రాసి యిచ్చెను. మాత్రలను తగ్గింపక అన్నము మానినచో రక్తమునందలి చక్కెర ప్రమాదకరముగా పడిపోవునట. కావున మాత్రలుగాని ఇన్సులిన్ గాని వాడువారెవ్వరును నా వ్రాత చదివి తమంతట తాము ప్రారంభింపరాదని ముందుగనే మనవి చేయుచున్నాను.

రెండు దినములు సుఖముగనే గడిచెను. మూడవనాడు తడిబట్టల బకెట్టుతో మేడ నెక్కుచు నడిమెట్టుపై కూలబడితిని. కన్నులకు చీకట్లు క్రమ్మెను. తలనొప్పి, పిక్కలలో తీపులు, చిన్నమాటకే విసుగు. ఆ సాయంకాలము మా చిన్నది పద్యము నప్పగింప వచ్చినది. మా నాయనగారు నాచే బాల్యముననే వల్లెవేయించిన పోతనగారి పద్యమే. మూడవ పాదము నాకు తోచలేదు! అన్నిటికంటె దానికే నేను భయపడితిని.

“అమ్మాయీ, అన్నము లేని ఒంటికి ఓపిక యెక్కడిది? ఒక్క ముద్ద తిను” అని అత్తగారు కలిపి పెట్టిరి. తింటిని. ప్రాణము లేచివచ్చినట్లయ్యెను. మఱునాటికి మరల మొదటి కథయే.

మా వారి బడిలో విజ్ఞానశాస్త్రము చెప్పు నుపాధ్యాయిని నా సందేహము తీర్చినది. మనము తిను అన్నము చక్కెరగా మారి, ఖర్చుకాగా మిగిలినదానిలో కొంత గ్లైకోజను అను పేర కాలేయమున సుమారు 100 గ్రాములును, కండరములలో సుమారు 400 గ్రాములును నిలువ యుండును. మెదడొక్కటే దినమునకు సుమారు 120 గ్రాముల చక్కెరను వాడుకొనును. అన్నము రాక తగ్గగనే కాలేయపు గాదె ఒకటి రెండు దినములలో నడుగంటును. ఒక్కొక్క గ్రాము గ్లైకోజను సుమారు 3 గ్రాముల నీటిని పట్టియుంచును గనుక, అది కరగినప్పుడు నీరును పోవును. ఇన్సులిన్ తగ్గుటచే మూత్రపిండములు ఉప్పునుగూడ విడిచివేయును. మొదటివారమున రెండు కిలోలు తగ్గితినని నేను మురిసిపోయితినే, అది చాలవఱకు క్రొవ్వు కాదు, నీరు! నా కన్నుల చీకట్లకును ఈ నష్టమే ముఖ్యకారణము. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ పూటపూటకు త్రాగగా రెండు దినములలో తల తేలికపడెను. (రక్తపు పోటు, మూత్రపిండముల జబ్బు గలవారు ఉప్పు విషయము వైద్యుల నడుగవలెను.)

నా తెలివితక్కువ యింకొకటి కలదు. నేతిని చూచి జంకి దానినిగూడ తగ్గించితిని. అన్నమును లేక, నేయియు లేక, ఒడలికి వంటచెఱకే కఱవయ్యెను. పొరుగావిడ బియ్యమునకు మాఱు జొన్నలు తినుమనెను. శ్రీనాథునివని చెప్పుకొను చాటువులలో పలనాటి జొన్నకూటిపై నిందయున్నది గాని, నాకు జొన్నపై కోపము లేదు. అదియు పిండిపదార్థమే గదా!

అన్నము తగ్గినపుడు కాలేయము క్రొవ్వునుండి కీటోనులను పదార్థములను తయారుచేయును. దీర్ఘోపవాసమున నున్నవారి మెదడు తన శక్తిలో మూడింట రెండు వంతుల వఱకు వీనినుండియే గ్రహించునని జార్జి కాహిల్ మొదలగువారు అమెరికాలో 1967లో ప్రకటించిరి. కండరములు క్రొవ్వును చక్కగా వాడుకొన నేర్చుటకు వారములు పట్టును. 1878 మొదలు 1880 వఱకు ఫ్రాంక్లిను బృందపు ఆనవాళ్లకై ఉత్తరధ్రువ ప్రాంతమున తిరిగిన ఫ్రెడరిక్ ష్వాట్కా, కేవలము మాంసాహారమునకు మారినపుడు తొలుత బలహీనముగా నుండుననియు, రెండు మూడు వారములలో నది పోవుననియు వ్రాసికొనెను. మాంసమును నేను ముట్టను. కాని “రెండు మూడు వారములు” అను మాటను పట్టుకొని దినములు లెక్కించితిని.

పదునెనిమిదవ నాటికి మెట్లు సులభమయ్యెను. మూడవ పాదము పప్పు తాలింపు వేయుచుండగా దానంతటదే నోటికి వచ్చినది. అయితే బస్సువెంట పరుగెత్తవలసివచ్చినచో నేటికిని వెనుకటి వడి లేదు. 1983లో స్టీఫెన్ ఫిన్నీ నాలుగు వారములు ఇట్టి యాహారమిచ్చి పరీక్షించిన సైకిలు పందెగాండ్రు మునుపటివలెనే చాలసేపు త్రొక్కగలిగిరట. కాని ఒక్కుమ్మడి వేగమునకు చక్కెరయే చేయూత.

నెల గడచిన పిదప వైద్యురాలి యనుమతితో మధ్యాహ్నము చిన్నగరిటెడు అన్నము వడ్డించుకొనుచున్నాము. మా వారి చక్కెర తగ్గినది. మాత్రలు పూర్తిగా పోలేదు. అత్తగారు నా విస్తరి చూచి నిట్టూర్చుట మానలేదు. మజ్జిగలో ఉప్పు మాత్రము ఆమెయే వేసి యిచ్చుచున్నారు.