చేప ఒప్పుకుంటేనే... సెలవు!

అలాస్కాలో సాల్మన్ వేటకు వెళ్లాలంటే మనం తేదీలు ఖాయం చేసుకుంటే సరిపోదు. ఎక్కడో సముద్రంలో ఉన్న చేప కూడా అందుకు సరేననాలి!

గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే చాలు, యానాం రేవుల్లో పులస కబుర్లే. సముద్రం నుంచి వరదకు ఎదురీది, గుడ్లు పెట్టడానికి వచ్చే ఆ చేప కోసం పుస్తెలైనా అమ్మొచ్చంటారు. భూగోళానికి ఆ కొసన, ఉత్తర ధ్రువం దారిలో, అలాగే ఏటికి ఎదురీదే చేప ఒకటి వేసవి వచ్చిందంటే ఓ రాష్ట్రాన్నంతా నదుల దగ్గరికి రప్పిస్తుంది. ఆ చేప సాల్మన్. ఆ రాష్ట్రం అలాస్కా.

1867లో రష్యా నుంచి అమెరికా 72 లక్షల డాలర్లకు కొనుక్కున్న నేల ఇది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా విస్తీర్ణంలో దానికి ఆరో వంతే. జనాభా మాత్రం 2020 లెక్కల ప్రకారం 7.33 లక్షలు... విజయవాడ కంటే తక్కువ! సియాటిల్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు అలాస్కాలోని యాంకరేజ్ విమానంలో మూడున్నర గంటల దూరం. అదే కారులో వెళ్దామంటే మధ్యలో కెనడా అడ్డొస్తుంది. ఆ దేశం వీసా కూడా చేతిలో ఉండాల్సిందే.

ముందు చేప... తర్వాత టికెట్!

మామూలు సెలవులకైతే ముందు ఊరు, తర్వాత తేదీ ఎంచుకుంటాం. ఇక్కడ ముందు ఎంచుకోవాల్సింది చేపని. అలాస్కాలో సాల్మన్‌లు ఐదు రకాలు. కింగ్, సాకై, సిల్వర్, పింక్, చమ్. ఎవరి వేళ వారిదే. యాంకరేజ్‌కు దక్షిణాన కీనై నది ఉంది. అక్కడికి మే నుంచి జులై దాకా కింగ్ వస్తుంది. సాకై జూన్‌లో ఓసారి, జులై మధ్య నుంచి మరోసారి మందలు మందలుగా దిగుతుంది. ఆగస్టు, సెప్టెంబరు సిల్వర్ కాలం. పింక్ అయితే అక్కడ సరి సంఖ్య సంవత్సరాల్లోనే దండిగా కనిపిస్తుంది! రెండు వారాలు అటూ ఇటూ అయితే అదే నదిలో నీళ్లు తప్ప ఏమీ ఉండవు.

1985 మేలో ఈ నదిలోనే ఒకాయన గాలానికి సుమారు 44 కిలోల కింగ్ చిక్కింది. గాలంతో పట్టిన కింగ్‌లలో ప్రపంచ రికార్డు ఇప్పటికీ దానిదే. అయితే ఆ రికార్డు కథ విని ఇప్పుడు బయల్దేరితే నిరాశ తప్పదు. కీనైకి వచ్చే కింగ్‌ల సంఖ్య బాగా పడిపోవడంతో 2023, 2024, 2025 సీజన్లలో అక్కడ వాటి వేటను మూసేశారు.

లెక్క తేలాకే గాలం

మూసేది, తెరిచేది రాష్ట్ర ఫిష్ అండ్ గేమ్ శాఖ. నదిలోకి ధ్వని తరంగాలు పంపి, కొన్నిచోట్ల అడ్డుకట్టలు కట్టి, ఇంకొన్నిచోట్ల ఒడ్డున మంచెలెక్కి సిబ్బంది చేపల్ని లెక్కపెడుతుంటారు. రేపటి తరం కోసం ఇన్ని తల్లిచేపలు ఎగువకు చేరాలని నదికో లెక్క ఉంటుంది. దానికి మించి వచ్చినవే మనుషుల వాటా. కీనైలో సాకై పరిమితి మామూలుగా మనిషికి రోజుకు మూడు. బాగా వచ్చిన ఏడాది దాన్ని ఆరు చేస్తారు. రాకపోతే సీజన్ మధ్యలోనైనా వేట ఆపేస్తారు. హోటల్ బుక్ చేసుకున్నామంటే వినరు!

లైసెన్సుకీ పద్ధతుంది. బయటివాళ్లకు ఒకటి, 3, 7, 14 రోజులకు, ఏడాదికి విడివిడిగా ఇస్తారు. పదహారేళ్లలోపు పిల్లలకు అక్కర్లేదు. కింగ్ పట్టాలంటే విడిగా స్టాంపు కొనాలి. జులైలో కీనై సముద్రంలో కలిసేచోట జనం పెద్ద పెద్ద చేతివలలతో చేపల్ని ఎత్తుతుంటే చూసి ముచ్చటపడొచ్చుగానీ, వల పట్టుకోవడానికి లేదు. ఆ హక్కు అలాస్కా వాసులకే. ఇంకో చిత్రం... నదిలోకి వచ్చిన సాల్మన్ తిండి మానేస్తుంది. అందుకే సాకై కోసం దారాన్ని ప్రవాహంలో దాని నోటి మట్టానికి వదులుతారు. నోటికి కాకుండా ఒంటికి తగిలితే, ఎంత పెద్దదైనా వెంటనే వదిలేయాలి. పట్టినదాన్ని అమ్మకూడదు. అయితే శుభ్రం చేయించి, గడ్డకట్టించి పెట్టెలో ఇంటికి తెచ్చుకోవచ్చు.

పక్కనే ఎలుగు!

కీనైలో కలిసే రష్యన్ నది దగ్గర సీజన్లో భుజం భుజం రాసుకుంటూ నిలబడతారు. ఒక్కోసారి ఆ వరసలోకి ఎలుగుబంటీ వస్తుంది. చేప వాసన తగిలితే సంచీ దానిదే! అందుకే సామాను చేతికందేంత దూరంలోనే ఉంచుకోవాలి. పిల్లలతో వెళ్లేవారికి కాట్‌మై నేషనల్ పార్కులోని బ్రూక్స్ జలపాతం మంచి ప్రత్యామ్నాయం. నీళ్లమీద దిగే విమానంలో అక్కడికి వెళ్తారు. రాగానే ఎలుగుల మధ్య ఎలా మెలగాలో పాఠం చెబుతారు. జులైలో జలపాతం మీదికి ఎగిరే సాకైల్ని ఎలుగులు నోటితో అందుకోవడం మంచె మీంచి చూడొచ్చు.

ఖాళీ పందిళ్లు

ఈ సందడంతా చూసి చేపలకేం కొదవ అనుకుంటే పొరపాటే. 2022లో బ్రిస్టల్ బే నదులకు దాదాపు 7.9 కోట్ల సాకైలు వచ్చాయి. చరిత్రలోనే రికార్డు. అదే ఏడాది, అదే రాష్ట్రంలో, 3 వేల కిలోమీటర్లకు పైగా పారే యూకాన్ నదికి కింగ్‌లు మునుపెన్నడూ లేనంత తక్కువగా వచ్చాయి. ఆ ఒడ్డున ఉండే అథబాస్కన్, యూపిక్ తెగలవారికి సాల్మన్ సరదా కాదు, చలికాలపు తిండి. వేసవిలో కుటుంబాలన్నీ ఏటి ఒడ్డున మకాం పెట్టి చేపల్ని కోసి, పందిళ్లకు వేలాడదీసి, పొగబెట్టి దాచుకునేవారు. పిల్లలు కత్తి పట్టడం నేర్చుకునేది అక్కడే. ఇప్పుడు పందిళ్లు చాలావరకు ఖాళీ. వేడెక్కిన సముద్రం, చేపల్ని పట్టిన జబ్బు, కడలిలో పెద్ద ఓడల వలల్లో పడిపోవడం... కారణాల మీద చర్చ సాగుతూనే ఉంది.

2024 ఏప్రిల్‌లో అలాస్కా, కెనడా కలిసి యూకాన్‌లో కింగ్ వేటను 7 ఏళ్లపాటు ఆపాలని ఒప్పందం చేసుకున్నాయి. సరిహద్దు దాటి కెనడాకు చేరే కింగ్‌ల సంఖ్యను 71 వేలకు తేవడం లక్ష్యం. ఏడేళ్లే ఎందుకంటే, కింగ్ పుట్టి, సముద్రానికి వెళ్లి, పెరిగి, తిరిగొచ్చి గుడ్లు పెట్టేందుకు పట్టే పూర్తి కాలం అది. పులస గుడ్లు పెట్టి సముద్రానికి తిరిగి వెళ్తుంది. సాల్మన్‌కు ఆ అవకాశం లేదు. గుడ్లు పెట్టాక నదిలోనే చనిపోతుంది. ఎగువకు చేరకముందే పట్టేస్తే ఆ తల్లి వంశం అక్కడితో సరి.

కాబట్టి అలాస్కా వెళ్లేవారు ఒక్క చేపమీదే ఆశ పెట్టుకోకూడదు. కింగ్ కాకపోతే సాకై, అదీ లేకపోతే సిల్వర్. రద్దుచేసుకునే వీలున్న గదులు చూసుకోవాలి. బయల్దేరే ముందే కాదు, రోజూ పొద్దున్నే శాఖవారి వెబ్‌సైట్లో ఆ నది లెక్క చూసుకోవాలి. మూసేశారని ఉంటే గాలం పెట్టెలోనే ఉంచి ఒడ్డున కూర్చోవడమే. వేసవిలో పందొమ్మిది గంటల పగలు... ఎదురీదే చేపల్ని చూడ్డానికి కావాల్సినంత తీరిక!