పాడుబడిన పెరడు

(చదువుభాగములు: పరమగీతము 1:6, సామెతలు 24:30–34, మత్తయి 5:23–24)



జనగామ దాపున మా స్వగ్రామములో మా తండ్రిగారి యిల్లు కలదు. దాని పెరటిలో ఆయన స్వహస్తములతో నాటిన జామ, నిమ్మ, కరివేపాకు, మల్లెపొద యుండెడివి. ఆయన ప్రభువునందు నిద్రించిన పిమ్మట, ఇంటి భాగముల విషయమై నాకును నా తమ్మునికిని వివాదము పుట్టెను. ఇంటికి తాళము పడెను. తొమ్మిది సంవత్సరములు మేమిరువురము మాటలాడుకొనలేదు.

ఆ తొమ్మిదేండ్లును నేను ఊరకుండలేదు. మహబూబాబాదు జిల్లా దోర్నకల్‌లో, 1939లో ప్రతిష్ఠింపబడిన ఎపిఫనీ దేవాలయపు ఆవరణలో సమాధానమును గూర్చి ప్రసంగించితిని. భూపాలపల్లిలో బొగ్గుగని కార్మికుల యిండ్లలో క్షమాపణను గూర్చి బోధించితిని.

గత సంవత్సరము శ్రమదినములలో పరమగీతము చదువుచుండగా, ఇతరుల తోటలకు కావలియుండి తన తోటను విడిచిపెట్టిన ఆ కన్యక నాకెదురాయెను. ఆమెలో నన్ను నేను చూచుకొంటిని. మరునాడే బస్సెక్కి ఊరికి పోతిని.

పెరడు చూడగా గుండె చెరువాయెను. గోడ ఒక ప్రక్క కూలియుండెను. సర్కారు తుమ్మ బావిని కప్పివేసెను. వయ్యారిభామ నడుమెత్తు నిలిచియుండెను. ఇది మన దేశపు మొక్క కాదు. 1950ల దశకములో పుణెలో కనబడి, నేడు మన చెలకలన్నిట వ్యాపించినది. ఒక్కొక్క మొక్క వేలకొలది గింజలు రాల్చును. ముట్టినచో దురద పుట్టించును. చేతులకు గుడ్డలు చుట్టుకొని దానిని పెరికితిని, తుమ్మను నరికితిని. నేలంతయు అల్లుకొన్న తుంగను కొడవలితో కోసితిని. పెరడు శుభ్రమాయెనని సంతోషించితిని. వారము తిరుగకముందే తుంగ మరల పచ్చగా లేచెను!

ఆ సాయంకాలము కూలిన గోడ దగ్గర నా తమ్ముడు నిలిచియుండెను. అతడు సేద్యగాడు. “అన్నా, మీద మీద కోస్తె తుంగ పోదు. గడ్డలు తవ్వి ఎండల వెయ్యాలె” అనెను.

తొమ్మిదేండ్లకు అదే మొదటి మాట. నేను కొడవలి క్రింద పెట్టి, “తమ్మీ, తప్పు నాదే. ఆనాడు పదిమందిల నిన్ను మాటన్న. క్షమించు” అంటిని. అతడేమియు అనలేదు. లోపలికి వచ్చి, గడ్డపార తీసికొని తవ్వసాగెను.

తుంగకు పైన కనబడునది ఆకు మాత్రమే. దాని బలమంతయు నేలలోని గడ్డలలో నుండును. ఒక గడ్డనుండి మరియొక గడ్డకు నారవంటి కాడ సాగును. ఎండకు వేసిన గడ్డలు వాడి చచ్చును. ప్రియులారా, మన పగలును అట్టివే. క్రిస్మసునాడు చేతులు కలిపి, ప్రభువు బల్ల యొద్ద ప్రక్కప్రక్కన మోకరించి, పై ఆకును కోసికొనుచున్నాము. గడ్డ లోపలనే యున్నది. “తప్పు నాది” అని నోరు తెరచి ఒప్పుకొనుటయే దానిని ఎండకు వేయుట.

వానకాలమున జామ చిగిర్చెను. అక్కడక్కడ తుంగయు మొలిచెను. ఒక్క త్రవ్వుతో అది పోవునది కాదు, మొలిచినప్పుడెల్ల తీయవలెను. ఇప్పుడు ఆ పని ఇద్దరము చేయుచున్నాము.

చదువరీ, నీ గోడ ఎచ్చట కూలియున్నది? అచ్చట నీ సహోదరుడు నిలిచియున్నాడేమో, పోయి చూడుము. ప్రభువు నీకు తోడైయుండును గాక. ఆమేన్.