మిరపకారం నుంచి అంతరిక్షానికి

ఈ మధ్య ‘కెప్టెన్ వ్యోమ్’ మళ్లీ చూశాను. 1998లో దూరదర్శన్‌లో వచ్చిన హిందీ సీరియల్. మిలింద్ సోమన్ కెప్టెన్. జైలు నుంచి తప్పించుకున్న నేరస్థులను అంతరిక్షమంతా గాలించి పట్టుకోవడం కథ.

చిన్నప్పుడు చీమకుర్తిలో మా జట్టులో ఎవరికీ హిందీ ముక్క రాదు. బొమ్మను చూసి కథ అల్లుకునేవాళ్లం. ఎవరి కథ వాళ్లది. మర్నాడు బడిలో దాని మీదే వాదన. ఇప్పుడు మాటలన్నీ అర్థమవుతున్నాయి. అయినా మేం అల్లుకున్న కథలే నాకెక్కువ ఇష్టం. సీరియల్ మీద గౌరవం మాత్రం పెరిగింది. మన టీవీలో కంప్యూటర్ గ్రాఫిక్స్ ఇంకా ఓనమాలు దిద్దుకుంటున్న రోజుల్లో అంతరిక్షాన్ని ఇంటింటికీ పంపడం ఎంత సాహసం! పైగా కెప్టెన్ కుర్చీలో కూర్చున్నది మనవాడు.

దర్శకుడు కేతన్ మెహతా. 1987 నాటి ‘మిర్చ్ మసాలా’ కూడా ఆయనదే! కారం కార్ఖానాలో ఆడవాళ్లు సుబేదారు మీద కారం చల్లి తిరగబడే సినిమా. మిర్చి పండించే జిల్లా వాళ్లకు ఆ మంట గురించి వేరే చెప్పాలా?

ఆ మాటకొస్తే అంతరిక్షం పేరు మా ఊరి రాయికీ ఉంది. చీమకుర్తి క్వారీల్లో తీసే నల్లరాయి ప్రపంచ మార్కెట్‌కు ‘బ్లాక్ గెలాక్సీ’గా వెళ్తుంది. వ్యాపారంలో గ్రానైటే గానీ, భూగర్భశాస్త్రం లెక్కలో గాబ్రో జాతి రాయి. అందులో మెరిసే పసుపు చుక్కలు బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. భూమి లోతుల్లో శిలాద్రవం నెమ్మదిగా చల్లారుతుంటే ఏర్పడ్డ స్ఫటికాలు. ఈ పాఠం మాకు బడిలోనే చెప్పి ఉండాల్సింది. మా పిల్లలకు రెండూ చూపిస్తున్నాను: ముందు క్వారీ, తర్వాత కెప్టెన్.