చూసినవారెవరు?

పత్రికకు ఏదైనా వ్రాయమని సంపాదకులు అడిగినప్పుడల్లా "తీరిక లేదండీ" అంటూ తప్పించుకుంటూ వచ్చాము. తీరిక లేని మాట నిజమే గాని, అసలు కారణం అది కాదు. మాకు వ్రాయదగిన విషయం ఒక్కటే ఉంది. దానిని రెండేళ్ళపాటు ఈ సంఘంలో ఎవరికీ తెలియకుండా దాచాము. ఆ దాచడం వల్ల ఎంత నష్టం జరిగిందో, దానిని మాకు తెలియజెప్పిన డాక్టరుగారు ఎటువంటివారో ఈసారి చెప్పదలచుకున్నాము. మా అమ్మాయి అనుమతి తీసుకునే వ్రాస్తున్నాము. "నా పేరు వెయ్యకండి, తక్కినదంతా చెప్పండి" అన్నది.

1992లో మేము టొరంటో దగ్గర కొత్తగా ఇల్లు కొనుక్కున్నాము. అప్పటికి అమ్మాయికి తొమ్మిదేళ్ళు. అన్నం తింటూ తింటూ ఉన్నట్టుండి ఆగిపోయేది. కళ్ళు తెరిచే ఉండేవి, అందులో చూపు ఉండేది కాదు. పెదవులు చప్పరించేది. పిలిస్తే పలికేది కాదు. నిమిషం గడిచాక, ఏమీ జరగనట్టు, "పెరుగు వెయ్యమ్మా" అనేది. పరధ్యానం అనుకున్నాము. టీవీ ఎక్కువైందనుకున్నాము. చాలాసార్లు కేకలేశాము. ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాము. అది ఈనాటికీ మరచిపోలేము.

ఆ నవంబరులో ఒక రాత్రి ఒళ్ళంతా బిగుసుకుపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకుని, నోట నురుగు వచ్చింది. అంబులెన్సులో తీసుకువెళ్ళాము. తెల్లవారేసరికి ఎపిలెప్సీ అన్నారు. మన మాటలో మూర్ఛ.

ఆ మాట వినగానే మా ఇద్దరి మనసులోనూ ఒకే మనిషి మెదిలింది. మాలో ఒకరి మేనత్తకు ఈ జబ్బు ఉండేది. చుట్టాలు వస్తే ఆమెను పెరటి గదిలోకి పంపేవారు. మూర్ఛ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టేవారు. పెళ్ళి చెయ్యలేదు. ఒకనాడు ఇంటిల్లిపాదీ పెళ్ళికి వెళుతూ, నలుగురిలో ఎందుకని ఆమెను ఇంట్లో వదిలి వెళ్ళారు. తిరిగివచ్చేసరికి పొయ్యిలో పడి ఉన్నది. ఎలా జరిగిందో చూసినవారు లేరు.

ఇంత తెలిసి కూడా, ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తూ మేము కారులో తీసుకున్న నిర్ణయం ఏమిటనుకున్నారు? మనవాళ్ళెవరికీ చెప్పకూడదని! ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి. అదీ మా తర్కం. ఇద్దరమూ చదువుకున్నవాళ్ళమే.

దాచడమంటే తేలిక కాదు. మందు బిళ్ళలను విటమిను సీసాలో పోశాము. దీపావళి కార్యక్రమానికి వస్తే తలుపు దగ్గర చివరి వరుసలో కూర్చునేవాళ్ళము. పిల్ల చూపు మారితే చాలు, "కడుపునొప్పిట" అని బయటకు తీసుకుపోయేవాళ్ళము. మీలో కొందరు "పిల్లకి ఏదో జీర్ణశక్తి తక్కువల్లే ఉంది" అని వాము, సొంఠి సలహా చెప్పారు. వాడతామని చెప్పి ఇంటికి వచ్చేవాళ్ళము.

మొదట ఇచ్చిన మందుకు పెద్ద మూర్ఛలు ఆగాయి గాని, చిగుళ్ళు ఉబ్బాయి, పిల్ల మగతగా ఉండేది. చూపు నిలిచిపోవడం మాత్రం వారానికి రెండు మూడుసార్లు వస్తూనే ఉండేది. అలా రెండేళ్ళు గడిచాక, 1994లో, మూర్ఛ వ్యాధి ఒక్కటే చూసే నిపుణుడి దగ్గరికి పంపారు.

ఆయన ముందు రిపోర్టులు తెరవలేదు. మా వైపూ చూడలేదు. కుర్చీ పిల్ల ముందుకు లాక్కుని, "అది వచ్చేముందు నీకు ఎలా ఉంటుంది?" అని అడిగారు. అమ్మాయి మా మొహాలు చూసి, తల వంచుకుని చెప్పింది: ఉయ్యాల మీదనుంచి కిందికి దిగేటప్పుడు కడుపులో జిల్లుమంటుందే, అలాంటిది పైకి గొంతుదాకా వస్తుందట. ఎందుకో తెలియని భయం వేస్తుందట. ఆ తరువాత ఏమీ తెలియదట. మేము నిర్ఘాంతపోయాము. రెండేళ్ళలో ఆ సంగతి మాకు ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీరు అడగలేదుగా" అన్నది.

అప్పుడాయన మా వైపు తిరిగి, "చూసినవారెవరు?" అన్నారు. ఏ చెయ్యి కదులుతుంది, ఏది బిగుస్తుంది, తల ఎటు తిరుగుతుంది, తేరుకోగానే మాట వస్తుందా, తడబడుతుందా? మాకు ఒక్కటీ సరిగా తెలియదు. అది వచ్చినప్పుడల్లా పిల్లను నలుగురి కళ్ళబడకుండా తీసుకుపోవడమే మా పని. ఇక చూసే తీరిక ఎక్కడిది? స్కూలులో తప్ప బయట ఎవరికీ తెలియదని చెప్పాము.

ఆయన కలం కింద పెట్టారు. ఇంగ్లీషులో అన్న మాటకు మా తెలుగు ఇది: "ఈ జబ్బు వచ్చినవాళ్ళు తమ జబ్బును తాము చూడలేరు. డాక్టరు దగ్గరకు వచ్చినప్పుడు అది రాదు. ఇ.ఇ.జి. తీసిన అరగంటలో ఏమీ కనిపించకపోవచ్చు. పక్కన ఉన్నవాళ్ళు చెప్పిందే నాకు ఆధారం. నా సాక్షులనందరినీ మీరే బయటకు పంపేశారు."

ఆ తరువాత ఎన్నో ఏళ్ళు ఆయన దగ్గరకు వెళ్ళాము గనుక ఆయన సంగతి కూడా కొంత తెలిసింది. సస్కాచెవాన్‌లో గోధుమ పొలాల మధ్య పుట్టిపెరిగారు. అన్నగారికి మూర్ఛలు. ఇంటికి ఎవరైనా వస్తే అన్నగారిని పశువుల కొట్టం వైపు పంపి, తోడుగా తమ్ముణ్ణి పంపేవారట. "నాకు ఎనిమిదేళ్ళకే మా ఊరి డాక్టరుకంటె ఈ జబ్బు ఎక్కువ తెలుసు, ఎందుకంటే చూసినవాణ్ణి నేను ఒక్కణ్ణే" అనేవారు. మా మేనత్తగారి పెరటి గదికీ ఆ కొట్టానికీ పెద్ద తేడా లేదు గదా అనుకున్నాము.

ఆయన చదివినది మాంట్రియల్‌లో. వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు 1934లో అక్కడ నెలకొల్పిన న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఈ జబ్బుకు పేరెన్నికగన్నది. మత్తు తలకు మాత్రమే ఇచ్చి, రోగి మెలకువగా మాట్లాడుతూ ఉండగా, మెదడును సన్నని విద్యుత్తుతో అక్కడక్కడా తాకి "ఇప్పుడేమనిపిస్తోంది?" అని అడుగుతూ పెన్‌ఫీల్డ్ ఆపరేషను చేసేవారు. రోగి చెప్పిన మాటే దారి చూపేది. ఆయన 1960లో ఆ సంస్థ బాధ్యతల నుంచి తప్పుకున్నారు, 1976లో పోయారు. మా డాక్టరుగారు అక్కడికి వెళ్ళేటప్పటికి ఆయన లేరు, ఆయన పద్ధతి మాత్రం ఉన్నది.

పెన్‌ఫీల్డ్ గురించి మా డాక్టరుగారు చెప్పిన ఒక సంగతి మా మనసులో నిలిచిపోయింది. ఆయన అక్కగారు రూత్‌కు చిన్నతనం నుంచీ మూర్ఛలు వచ్చేవి. 1928లో ఆమె మెదడులో కంతి ఉన్నదని తేలితే, తమ్ముడే ఆపరేషను చేశారు. ముందుభాగం చాలావరకు తీసేయవలసి వచ్చింది. ఏడాది పైన గడిచాక ఒక రోజు ఆమె ఒక అతిథికీ ఇంట్లోవారికీ భోజనం వండాలనుకున్నది. వేళ అయ్యేసరికి సరుకులన్నీ అక్కడే ఉన్నాయి, పొయ్యి మీద ఒకటి రెండు పెట్టింది, తక్కినవి మొదలే కాలేదు. ఏది ముందో ఏది వెనుకో తోచక కలతపడి నిలబడి ఉన్నది. పెన్‌ఫీల్డ్ దానిని 1935లో వైద్యపత్రికలో వ్రాశారు. ఏ పరీక్షలోనూ తేలని లోపం వంటింట్లో తోడబుట్టినవాడి కంటికి కనిపించింది. "చూడడమంటే అదీ" అన్నారు మా డాక్టరుగారు. రూత్ మరి కొద్ది ఏళ్ళకే పోయింది.

మేము ఇంటికి వచ్చి రెండు రోజులు ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోలేదు. మూడోనాడు కూచిపూడి టీచరుగారి ఇంటికి వెళ్ళి, బేస్‌మెంటులో క్లాసు అయ్యాక, ఎలాగో నోరు పెగల్చుకుని చెప్పాము. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "నాకు ఎప్పుడో తెలుసునండీ. మీరు చెప్పేదాకా అడగడం బాగుండదని ఊరుకున్నాను" అన్నారు. అంతేకాదు, లేచి నిలబడి చూపించారు: ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర వంగి కొయ్యలా బిగుసుకుంటుంది, కుడిచెయ్యి పావడా అంచు నలుపుతూ ఉంటుంది. జీవితమంతా చేతులను చూసే మనిషి. ఆవిణ్ణి బతిమాలి డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళాము. అక్కడా అలాగే చేసి చూపించారు. ఆయన రెండుసార్లు చెయ్యమని అడిగి, కాగితం మీద "కుడివైపు" అని వ్రాసుకున్నారు. బిగుసుకునేది ఎడమ చెయ్యి అయితే, మొదలయ్యేది మెదడులో కుడివైపున అని అర్థమట.

ఆ బేస్‌మెంటులో నటరాజ విగ్రహం ఉండేది. కాలికింద ఉన్నవాడెవరని అమ్మాయి అడిగితే టీచరుగారు కాసేపు తటపటాయించి, "అపస్మారుడమ్మా" అన్నారు. మన ఆయుర్వేదంలో ఈ జబ్బు పేరు కూడా అపస్మారమే. అమ్మాయి పరీక్షగా చూసి, "చంపలేదుగా, తొక్కిపట్టి ఉంచాడు. నా మాత్రల్లాగ" అన్నది.

1995 ఉగాదినాడు మన సభలోనే, పంచాంగ శ్రవణం జరుగుతుండగా, దానికి పెద్ద మూర్ఛ వచ్చింది. మీలో పాతవారికి గుర్తుండే ఉంటుంది. పెద్దాయన ఒకరు ఆత్రంగా కారు తాళాలు తీసుకుని పరిగెత్తుకొచ్చారు. టీచరుగారు ఆయన్ని మర్యాదగా ఆపి, కుర్చీలు పక్కకు జరిపించి, పిల్లను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టారు. ఇంకొకరు గడియారం చూశారు. రెండు నిమిషాలలో తగ్గింది. మేము తలెత్తి చూసేసరికి ఎవరూ మా వంక వింతగా చూడడం లేదు. పిల్ల మీద కప్పడానికి ఎవరో శాలువా తెచ్చారు. ఆ సాయంత్రం మంచులో కారు దగ్గర ఒక దంపతులు మమ్మల్ని ఆపి, గొంతు తగ్గించి, "మా అబ్బాయికి కూడా" అన్నారు. ఆరేళ్ళుగా ఒకే హాలులో కూర్చుని పులిహోర తిన్నాము, ఒకరి సంగతి ఒకరికి తెలియలేదు!

తరువాతి సంగతి క్లుప్తంగా చెబుతాము. మందు మార్చాక కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. 2001లో ఈ దేశంలోనే లండన్ పట్టణంలో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. మందులకు లొంగని, అమ్మాయికి ఉన్నటువంటి మూర్ఛ గల 80 మందిలో సగంమందిని ఆపరేషనుకు, సగంమందిని మందులకే కేటాయించారు. ఏడాది తరువాత, స్పృహ తప్పించే మూర్ఛలు లేకుండా ఉన్నవారు ఆపరేషను వైపు నూటికి 58, మందుల వైపు 8. డాక్టరుగారు ఆ అంకెలు అమ్మాయికే చెప్పారు. పోగలవి కూడా చెప్పారు: కొంత జ్ఞాపకశక్తి, ఎడమవైపు పైమూల కొంత చూపు.

ముందుగా కెమెరా ఉన్న గదిలో, తలనిండా తీగలతో, మందులు తగ్గించి అయిదు రోజులు ఉంచారు. పక్కన కూర్చున్న మాకు ఒక మీట ఇచ్చి, మొదలవగానే నొక్కమన్నారు. పదేళ్ళుగా ఏది రాకూడదని దేవుళ్ళకు మొక్కామో అది రావాలని ఎదురుచూస్తూ కూర్చున్నాము. వచ్చింది. ఈసారి పిల్లను ఎక్కడికీ తీసుకుపోలేదు. చూశాము, నొక్కాము, చెప్పాము. టీచరుగారు చూపించింది అక్షరాలా నిజం. 2003లో, ఇరవయ్యో ఏట, ఆపరేషను జరిగింది. ఆ తరువాత మాత్రలు మరచిపోయిన ఒక్కసారి తప్ప మూర్ఛ రాలేదు. మాత్రలు ఇంకా వేసుకుంటోంది. చూపు పైమూల కొంచెం తగ్గింది. అలవాటైపోయిందంటుంది.

పెళ్ళి సంగతి అడుగుతారని తెలుసు. 1999లో సవరించేదాకా మన హిందూ వివాహ చట్టంలోనే మూర్ఛ ఒక అడ్డంకిగా ఉండేది. బ్రిటనులోనూ 1970 దాకా ఇటువంటి నిషేధమే ఉన్నదట. చట్టాలే అలా ఉన్నప్పుడు మన భయం వింత కాదు. మా అమ్మాయి ఆ అబ్బాయికి మొదటి రోజే చెప్పింది. అతను అడిగిన మొదటి మాట "వస్తే నేనేం చెయ్యాలి?" అని. మాకు అతను నచ్చింది అక్కడే.

చెయ్యవలసింది మీరూ తెలుసుకోండి. కంగారు పడవద్దు. గట్టి వస్తువులు దూరంగా జరపండి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కాళ్ళూ చేతులూ అదిమిపట్టవద్దు. నోట్లో చెంచా గాని, నీళ్ళు గాని, ఏమీ పెట్టవద్దు. తాళాలు జేబులోనే ఉంచుకోండి. గడియారం చూడండి, అయిదు నిమిషాలు దాటితే అంబులెన్సును పిలవండి. అన్నిటికంటె ముఖ్యం, ఏం జరిగిందో చూసి గుర్తుపెట్టుకోండి.

ప్రపంచంలో సుమారు అయిదు కోట్లమందికి ఈ జబ్బు ఉన్నదనీ, సరైన వైద్యం అందితే నూటికి డెబ్బైమంది దాకా మూర్ఛలు లేకుండా ఉండగలరనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన హాలులో ఎందరున్నారో మనకు తెలియదు. డాక్టరుగారు రిటైరై చాలాకాలమైంది. ఆయన అడిగిన ప్రశ్నకు మాత్రం మేము జవాబు నేర్చుకున్నాము. మీ ఇంట్లోనూ ఎవరైనా విటమిను సీసాలో బిళ్ళలు పోసి దాస్తుంటే, వచ్చే సభలో మా పక్కన కూర్చోండి. చివరి వరుసలో కాదు, ముందు వరుసలో.