గుండెల మీద కూర్చున్నది ఎవరు?

సెప్టెంబరులో చదువులు మొదలై నవంబరు పరీక్షలు దగ్గర పడేసరికి నా క్లినిక్‌కు ఒక తరహా పేషెంట్లు వస్తుంటారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు. వరంగల్, గుంటూరు, భీమవరం, హైదరాబాదు నుంచి చదువు కోసం కెనడాలోని విండ్సర్ చేరినవాళ్లు. తలనొప్పి అనో, కడుపులో మంట అనో మొదలుపెడతారు. మందు రాసిచ్చినా కుర్చీలోంచి లేవరు. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అప్పుడు అసలు సంగతి చెబుతారు. (ఎవరినీ పోల్చుకునే వీల్లేకుండా ఊళ్లూ వివరాలూ మార్చి రాస్తున్నాను.)

"తెల్లవారుజామున మెలకువ వచ్చింది డాక్టర్ గారూ. గది కనిపిస్తోంది. రూమ్మేట్ గురక వినిపిస్తోంది. కానీ వేలు కూడా కదలడం లేదు. తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. మెల్లగా వచ్చి గుండెల మీద కూర్చున్నారు. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. చచ్చిపోతున్నాననుకున్నాను." ఇది చెప్పిన వరంగల్ కుర్రాడు ఆ తర్వాత లైటు వేసుకుని కూర్చుని తెల్లార్లూ మేలుకునేవాడు. దిండు కింద ఇనప ముక్క పెట్టుకున్నాడు. ఫోనులో ఆంజనేయ దండకం పెట్టుకున్నాడు. అతని ముందే నాతో ఫోనులో మాట్లాడిన వాళ్లమ్మ ఒకటే అడిగింది: "సారూ, పోరనికి గాలి సోకినట్టుంది. ఇంటికి పంపియ్యమంటరా?"

ఆ తల్లి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. కొడుకు వేల మైళ్ల దూరంలో రాత్రిపూట ఊపిరాడక గింజుకుంటున్నాడని వింటే ఏ తల్లి నిమ్మళంగా ఉంటుంది? దండకం చదువుకోవద్దని కూడా చెప్పలేదు. మనసుకు ధైర్యం ఇచ్చేది ఏదైనా ఉండనీ. నేను అడిగింది మాత్రం అతను చూసిన ఆకారం గురించి కాదు. "రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు? పగలు ఎలా ఉంటున్నావు?" ఈ రెండు ప్రశ్నలే అడిగాను.

జవాబులో రోగం సగం బయటపడింది. వారంలో మూడు రాత్రులు గోడౌన్‌లో షిఫ్టు. తెల్లవారుజామున నాలుగింటికి గదికి వచ్చి నాలుగు గంటలు నిద్ర. మిగతా రోజుల్లో అర్ధరాత్రి దాకా అసైన్‌మెంట్లు, ఆ పైన ఇంటికి ఫోన్లు. సెలవు రోజున మధ్యాహ్నం దాకా వెల్లకిలా పడి నిద్ర. ఆ వెల్లకిలా అన్న మాట దగ్గర నేను పెన్ను పట్టుకుని గీత గీసుకుంటాను. ఎందుకో తర్వాత చెబుతాను.

అతనికి జరుగుతున్నది అర్థం కావాలంటే ముందు నిద్ర గురించి కొంత తెలియాలి. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు నిద్రలో కనుగుడ్లు చకచకా కదిలే దశ ఒకటి ఉందని ప్రకటించారు. ఆ దశను రెమ్ నిద్ర అంటున్నాం. మనకు బాగా గుర్తుండే కలలు ఎక్కువగా అప్పుడే వస్తాయి. సుమారు తొంభై నిమిషాలకోసారి ఈ దశ వస్తుంది, తెల్లవారేకొద్దీ ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ సమయంలో మెదడు కాండం నుంచి వెన్నుపాముకు ఒక ఆజ్ఞ వెళ్తుంది: చేతులు, కాళ్లు, మెడ, గొంతు అన్నిటినీ సడలించి ఉంచు. కంటి కండరాలకూ, ఊపిరి ఆడించే డయాఫ్రమ్‌కూ మాత్రం మినహాయింపు. గాబా, గ్లైసిన్ అనే రెండు రసాయనాలు కలిసి ఈ పని చేస్తాయని 2012లో టొరంటో విశ్వవిద్యాలయంలో బ్రూక్స్, పీవర్ ఎలుకల మీద చూపించారు. ఈ సడలింపు మనకు రక్షణ. కలలో పరిగెత్తినప్పుడు మంచం దిగి గోడకు గుద్దుకోకుండా కాపాడేది అదే.

ఈ పిల్లలు చెప్పేదాన్ని నిద్ర పక్షవాతం అంటారు. అందులో జరిగేది ఇంతే: మనసు మేలుకుంటుంది, ఆ ఆజ్ఞ ఇంకా రద్దు కాదు. కొన్ని సెకన్లు, మహా అయితే ఒకటి రెండు నిమిషాలు. ఆ కాసేపట్లో కల కూడా పూర్తిగా తెగదు, తెరిచిన కళ్ల ముందున్న గదిలోకే వచ్చేస్తుంది. గుండె మీద బరువు ఎక్కడిదని పిల్లలు తప్పకుండా అడుగుతారు. డయాఫ్రమ్ తన పని తాను చేస్తూనే ఉంటుంది, ఊపిరి ఆగదు. కానీ భయంతో గట్టిగా ఊపిరి పీల్చాలని చూస్తే పక్కటెముకల మధ్య కండరాలు సహకరించవు. పీల్చాలన్న ప్రయత్నానికీ, ఛాతీ కదలకపోవడానికీ మధ్య తేడాను మెదడు బరువుగా అర్థం చేసుకుంటుంది. అపాయాన్ని పసిగట్టే మెదడు భాగాలు రెమ్ నిద్రలో ఎలాగూ చురుగ్గా ఉంటాయి. బరువు ఉంది, భయం ఉంది. ఇక ఎవరో ఉన్నట్టు తోచకుండా ఎలా ఉంటుంది?

ఇది అరుదైన సంగతి కూడా కాదు. అంతకు ముందరి అధ్యయనాలన్నీ కూడి 2011లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు తేల్చిన లెక్క ప్రకారం మామూలు జనాభాలో 7.6 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వచ్చింది. విద్యార్థుల్లో అయితే 28.3 శాతం. అంటే పది మంది ఉన్న తరగతిలో దాదాపు ముగ్గురు. నిద్రను మధ్యలో తెంపి మళ్లీ పడుకోబెడితే కొందరికి ఇది రప్పించవచ్చని 1992లో జపాన్ పరిశోధకులు ల్యాబులో చేసి చూపించారు. ఆ ల్యాబులో చేసిందే షిఫ్టులూ పరీక్షలూ ఇక్కడ మన పిల్లలకు చేస్తున్నాయి. ఇదంతా వరంగల్ కుర్రాడికి కాగితం మీద బొమ్మ వేసి చెప్పాను. బొమ్మ చూస్తున్నంతసేపూ అతని భుజాలు కిందికి దిగుతూ వచ్చాయి. ఆ తల్లికి కూడా ఫోనులో మళ్లీ అంతా చెప్పాను. "అయితే వానికి ఏం కాదన్నట్టే కదా సారూ" అంది. అవునమ్మా, నిద్ర సరిపోవాలి, అంతే అన్నాను.

విండ్సర్‌కు ఈ విషయంలో ఒక విశేషం ఉంది. మా ఊరి నుంచి నది కింద సొరంగం దాటితే డెట్రాయిట్. అక్కడి ఆర్ట్ మ్యూజియంలో హెన్రీ ఫ్యూజెలీ 1781లో వేసిన 'ద నైట్‌మేర్' అనే చిత్రం 1955 నుంచి ఉంది. తెల్లని బట్టల్లో ఒక స్త్రీ మంచం మీద వెల్లకిలా పడి ఉంటుంది, తల, చేతులు మంచం అంచు నుంచి కిందికి వేలాడుతుంటాయి. ఆమె ఛాతీ మీద ఒక వికృతాకారం కూర్చుని మన వైపే చూస్తుంటుంది. తెరల మధ్య నుంచి ఒక గుర్రం తల తొంగిచూస్తుంది. నేను ఆ చిత్రం ముందు నిలబడ్డప్పుడు నా కన్ను ఆ ఆకారం మీద కన్నా ఆమె పడుకున్న తీరు మీద నిలిచింది. వెల్లకిలా పడుకున్నప్పుడే నిద్ర పక్షవాతం ఎక్కువగా వస్తుందని ఇప్పటి అధ్యయనాలు చెబుతున్నాయి. రెమ్ నిద్ర అనే మాట పుట్టడానికి 170 ఏళ్ల ముందే ఆ చిత్రకారుడు సరిగ్గా ఆ భంగిమనే వేశాడు. రోజూ నది దాటి డెట్రాయిట్ ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసే తెలుగు నర్సు ఒకామె నా పేషెంటు. ఆమెను ఆ చిత్రం చూసి రమ్మన్నాను. తిరిగివచ్చి, "నాకు వచ్చేది అదే డాక్టర్ గారూ. ఇన్నాళ్లూ నా ఒక్కదానికే అనుకున్నాను" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెకు నేనిచ్చిన మందు అదొక్కటే. తర్వాత డ్యూటీ వేళలు మార్పించుకుంది.

కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌లాండ్ జాలరి ఊళ్లలో దీన్ని 'ఓల్డ్ హ్యాగ్' అంటారు, ముసలి మంత్రగత్తె వచ్చి ఛాతీ మీద కూర్చుంటుందని. డేవిడ్ హఫర్డ్ ఆ కథనాలు సేకరించి 1982లో పుస్తకం రాశాడు. మా ఒంటారియోలోనే వాటర్లూ విశ్వవిద్యాలయంలో అలన్ చేన్ విద్యార్థుల అనుభవాలు కూడగట్టి 1999లో మూడు గుంపులుగా విడదీశాడు: గదిలో పరాయి మనిషి ఉన్నట్టు తోచడం, ఛాతీ మీద ఒత్తిడి, ఒళ్లు తేలిపోతున్నట్టు అనిపించడం. ఏ దేశం వాడికైనా ఈ మూడే. పేరు, రూపం మాత్రం ఎవరి ఊరివి వాళ్లవి. ఈజిప్టు వాళ్లనూ డెన్మార్క్ వాళ్లనూ పోల్చి చూస్తే, దీన్ని అతీతశక్తుల పని అని నమ్మే ఈజిప్టు వాళ్లలో చచ్చిపోతామన్న భయం ఎక్కువగా కనిపించింది. భయం నిద్రను చెడగొడుతుంది. చెడిన నిద్ర మళ్లీ ఇదే తెచ్చిపెడుతుంది. వైద్యుడు ఓపిగ్గా చెప్పే పది నిమిషాల వివరణ ఈ చక్రాన్ని తెంపుతుంది. అందుకే ఆ వివరణే సగం చికిత్స అని నేను గట్టిగా నమ్ముతాను.

మా ఊరి పడమటి పేటలో ఉండే ఒక అబ్బాయి ఇలాంటి రాత్రుల్లో తనకు వినిపించే హోరు 'విండ్సర్ హమ్' అని నమ్మి వచ్చాడు. 2011 నుంచి ఆ వైపు జనాన్ని రాత్రుళ్లు ఒక బరువైన గుయ్యి శబ్దం వేధించిన మాట నిజమే. యూనివర్సిటీ పరిశోధకులు 2014లో ఇచ్చిన నివేదిక నది అవతలి జగ్ ఐలండ్ వైపు వేలు చూపింది. 2020లో అక్కడి ఉక్కు కొలుములు ఆపేశాక ఆ శబ్దమూ పోయింది. ఈ అబ్బాయి ఊళ్లోకి వచ్చింది ఆ తర్వాత. ఒళ్లు బిగిసిన క్షణాల్లో చెవుల్లో హోరు వినిపించడం చాలామంది చెప్పేదే. అది లోపలి నుంచి వచ్చే శబ్దం.

కలల మీద మోజుతో తిప్పలు తెచ్చుకున్న మరో విద్యార్థి సంగతి వేరు. కల కంటూనే ఇది కల అని తెలిసి ఉండడాన్ని లూసిడ్ డ్రీమ్ అంటారు. 1913లో డచ్ వైద్యుడు ఫాన్ ఏడెన్ ఈ పేరు వాడాడు. 1975లో ఇంగ్లండ్‌లో కీత్ హర్న్ ప్రయోగశాలలో నిద్రపోతున్న మనిషి ముందే అనుకున్న ప్రకారం కళ్లను కుడి ఎడమలకు తిప్పి, 'నేను కలలో ఉన్నాను, నాకు తెలుసు' అని సంకేతం ఇచ్చాడు. కాళ్లూ చేతులూ సడలినా కళ్లు కదులుతాయి కదా, అదే దారి. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో లాబర్జ్ ఇలాంటి ప్రయోగమే చేసి 1981లో ప్రచురించాడు. 2021లో నాలుగు దేశాల పరిశోధకులు కలలో ఉన్నవాళ్లను చిన్న చిన్న కూడికలు, తీసివేతలు అడిగి కొందరి నుంచి సరైన జవాబులు రాబట్టారు. చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. స్వప్నం ఒక అవస్థ అని మాండూక్యోపనిషత్తు నుంచి వింటూ వచ్చినవాళ్లం. ఆ అవస్థలో ఉన్న మనిషితో మాట్లాడగలగడం సామాన్యమా?

కానీ ఆ విద్యార్థి చేసిన పని వేరు. వీడియోలు చూసి తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టుకుని లేచి, మళ్లీ వెల్లకిలా పడుకుని, ఒళ్లు నిద్రపోయేదాకా మనసును మేలుకొలిపి ఉంచే సాధన. అది చాలదన్నట్టు గాలంటమైన్ మాత్రలు. అది అల్జీమర్స్ వ్యాధికి ఇచ్చే మందు. నది అవతల అమెరికాలో ఫుడ్ సప్లిమెంటుగా దొరుకుతుంది. వాంతులు తెప్పించగలదు, గుండె వేగాన్ని తగ్గించగలదు. అతనికి ఆకాశంలో ఎగిరే కల రెండు మూడు సార్లు వచ్చింది, నిద్ర పక్షవాతం దాదాపు రోజూ వచ్చింది. ఈ రెండూ దగ్గరి చుట్టాలు. ఒకదానిలో కల సాగుతుండగానే తెలివి మేలుకుంటుంది, రెండో దానిలో తెలివి మేలుకున్నా ఒళ్లు మేలుకోదు. మాత్రలు మాన్పించాను, అలారం తీసేయమన్నాను. తనంతట తాను వచ్చే లూసిడ్ కలను చూసి భయపడక్కర్లేదు, సంతోషంగా కననీ. పదే పదే పీడకలలు వచ్చేవాళ్లకు నిపుణుల దగ్గర అది పనికిరావచ్చు కూడా. ఉన్న నిద్రనే కోసుకుని దాన్ని కొనుక్కోవడం మాత్రం నష్టపు బేరం.

నిద్ర పక్షవాతం వచ్చిన క్షణంలో ఏం చేయాలి? గింజుకోవద్దు. ఇది నిద్ర పక్షవాతం, పోతుంది అని మనసులో అనుకోండి. ఊపిరిని దానికదే ఆడనివ్వండి, బలవంతాన గట్టిగా పీల్చవద్దు. కళ్లు కదిలించండి, కాలి బొటనవేలు మీద మనసు పెట్టండి. ఇక అది రాకుండా చూసుకోవాలంటే పక్కకు తిరిగి పడుకోవడం, రోజూ ఒకే వేళకు పడుకోవడం, నిద్ర కోసమని మద్యం తాగకపోవడం. చాలామందికి ఇంతే చాలు.

అందరికీ ఇంతే అని చెప్పలేను, నేను ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే. కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరుగా చేసే ముప్పై ఏళ్ల మనిషి ఒకరు వచ్చారు. నిద్ర పక్షవాతం కాలేజీ రోజుల నుంచీ ఉంది. తాయెత్తు కట్టారు, డిప్రెషన్ అన్నారు, బద్ధకం అన్నారు. రాత్రి ఎనిమిది గంటలు పడుకుంటారు, అయినా మీటింగులో కూర్చుంటే కళ్లు మూతలు పడతాయి. పగలు ఎలా ఉంటున్నారన్న నా రెండో ప్రశ్న అడిగాక ఆయన భార్య అందుకుంది: "పిల్లాడు ఏదైనా చిలిపి మాట అంటే ఈయన పగలబడి నవ్వుతూ నవ్వుతూ ఉన్నచోటే కూలబడిపోతారండీ." ఆ ఒక్క మాటతో నాకు దారి దొరికింది. నవ్వినప్పుడు కండరాలు సడలిపోవడం నార్కొలెప్సీ అనే నిద్ర జబ్బుకు చాలా గట్టి గుర్తు. మెలకువను నిలబెట్టే ఒరెక్సిన్ అనే రసాయనాన్ని 1998లో కనుగొన్నారు. ఈ రకం నార్కొలెప్సీలో దాన్ని తయారుచేసే మెదడు కణాలు నశిస్తాయి. అప్పుడు రెమ్ నిద్ర తన హద్దులు దాటి పగటిలోకి కూడా వచ్చేస్తుంది. రాత్రంతా నిద్ర పరీక్ష చేసి, మర్నాడు రెండేసి గంటలకోసారి కునుకు తీయమని చూశాం. పడుకున్న కొద్ది నిమిషాల్లోనే రెమ్ నిద్రలోకి జారుకున్నారు.

ఆయన రోజూ హైవే మీద కారు నడుపుతారు. అదుపులో లేని నార్కొలెప్సీ ఉన్న డ్రైవరు గురించి రవాణా శాఖకు తెలియజేయడం ఒంటారియోలో వైద్యుడి చట్టబద్ధమైన బాధ్యత. ఆ మాట చెప్పినప్పుడు ఆయన ముఖం పాలిపోయింది. ఉద్యోగం, ఇంటి లోను, పిల్లాడి స్కూలు అన్నీ ఆ కారుతో ముడిపడి ఉన్నాయి. అయినా శాఖకు నివేదిక పంపాను. మందులతో జబ్బు అదుపులోకి వచ్చి, శాఖ అనుమతి ఇచ్చాకే ఆయన మళ్లీ స్టీరింగ్ పట్టారు. ఇన్నేళ్ల పగటి నిద్రను సోమరితనం అనుకుని తనను తానే తిట్టుకున్న మనిషి ఆయన.

మీకో, మీ ఇంట్లో ఎవరికో రాత్రిపూట ఇలా ఒళ్లు బిగుస్తుంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. దానితో పాటు పగలు నిద్ర ఆపుకోలేకపోవడం, నవ్వినప్పుడో కోపం వచ్చినప్పుడో మోకాళ్లు సడలడం, నిద్రలో గురక పెడుతూ ఊపిరి ఆగినట్టవడం వంటివి ఏవి ఉన్నా మొదటి రోజే చెప్పండి. ఆ రోజు క్లినిక్‌కు మీరు కారు నడుపుకుంటూ రావద్దు, ఎవరినైనా తోడు తెచ్చుకోండి.